ఊపిరే ఆయుధం: కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

మన జంగారెడ్డిగూడెంలో ఇప్పుడు వీధికో జిమ్ కనిపిస్తోంది. సాయంత్రం అయితే చాలు, కుర్రాళ్లంతా అక్కడే. అద్దాల ముందు నిలబడి ఎవరు ఎన్ని కిలోలు లేపారో లెక్కలు వేసుకుంటారు, యూట్యూబ్‌లో విదేశీ బాడీబిల్డర్లను చూసి నేర్చుకుంటారు. వాళ్లలో ఒకరిని ఆపి, బరువు లేపేటప్పుడు ఊపిరి ఎప్పుడు పీల్చాలి, ఎప్పుడు వదలాలి అని అడగండి. పది మందిలో నలుగురు కూడా ఒకే జవాబు చెప్పరు. వంద ఏళ్ల కిందట ఒక తెలుగువాడు ఇదే విద్యతో దేశదేశాల్లో జనాన్ని నోళ్లు తెరిపించాడు. ఆయన పేరు కోడి రామమూర్తి నాయుడు. పేరు చాలామంది వినే ఉంటారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. ఆయన అసలు ఏం చేశాడు, ఎలా చేశాడు అన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు.

వీరఘట్టం కుర్రాడు

రామమూర్తి నాయుడు 1880ల తొలి ఏళ్లలో వీరఘట్టంలో పుట్టాడు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తరవాత శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడదీశాక పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. తండ్రి వెంకన్న నాయుడు. చిన్నప్పుడే తల్లి పోయింది. తల్లి లేని పిల్లాడు, పైగా అల్లరి. చదువు మీద ధ్యాస తక్కువ, కొండల వెంట తిరగడం మీద ఎక్కువ. ఆ తిరుగుళ్లలోనే ఒక సాధువు పరిచయమై వాయుస్తంభన, జలస్తంభన విద్యలు నేర్పాడని ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ రెండు మాటలు వినగానే ఏవో మంత్రాల్లా అనిపిస్తాయి. అర్థం మాత్రం చాలా సూటిగానే ఉంటుంది. స్తంభన అంటే కదలకుండా నిలపడం. లోపలికి తీసుకున్న గాలిని కదలకుండా పట్టి ఉంచడం వాయుస్తంభన. నీళ్లలో ఊపిరి బిగపట్టి ఉండటం జలస్తంభన. ప్రాణాయామంలో పీల్చడాన్ని పూరకం, ఆపడాన్ని కుంభకం, వదలడాన్ని రేచకం అంటారు. ఆ పిల్లాడు నేర్చుకున్నది ఈ మూడింటిలో మధ్యదాన్నే, కుంభకాన్ని. అందులో అతనికి దొరికిన పట్టు మామూలు మనుషులకు దొరికేది కాదు.

కొడుకు దారిలో పడాలని తండ్రి అతన్ని విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపాడు. ఆయన పోలీసు శాఖలో పనిచేసేవాడు. పిల్లాడి శరీరం చూసి, వీడికి పుస్తకం కన్నా గోదాయే నయమని గ్రహించినట్టున్నాడు. విజయనగరం అప్పటికే సాముగరిడీలకు, కుస్తీలకు పేరున్న ఊరు. రామమూర్తి దండీలు, బస్కీలు తీశాడు, కుస్తీ పట్టాడు, బరువులు మోశాడు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేసరికే ఛాతీ మీద టన్నున్నర బరువు మోసేవాడని, తరవాత దాన్ని మూడు టన్నుల దాకా పెంచాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు.

మేష్టారు అయిన వస్తాదు

ఆయన కథ చెప్పేటప్పుడు చాలామంది ఒక సంగతి దాటేసి వెళ్లిపోతారు. నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రామమూర్తి మద్రాసు వెళ్లి, సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొందాడు. ఉపాధ్యాయులను తయారుచేసే చోటు అది. సర్టిఫికెట్ తీసుకుని విజయనగరం వచ్చి, హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఆయన ఒక పీఈటీ మేష్టారు. అంటే బలం ఆయనకు వరంగా వచ్చి పడలేదన్నమాట. సాధువు దగ్గర నేర్చిన ఊపిరి, గోదాలో నేర్చిన కుస్తీ, సైదాపేటలో నేర్చిన పద్ధతైన వ్యాయామం, ఈ మూడూ కలిసి ఆయన్ని తయారుచేశాయి.

ఆ రోజుల్లో ప్రపంచమంతా శరీర బలం మీద మోజు పడుతున్న కాలం. జర్మనీ నుంచి వెళ్లి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్న యూజెన్ శాండో 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో పెద్ద శరీర సౌష్ఠవ పోటీ పెట్టాడు. 1904, 1905 సంవత్సరాల్లో ఇండియా కూడా తిరిగాడు. బలం అంటే తెల్లవాళ్లదే, మనవాళ్లు పీలగా ఉంటారు అని పాలకులు అనుకునే రోజులు. అలాంటప్పుడు విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడి తోడ్పాటుతో రామమూర్తి సర్కస్ కంపెనీ మొదలుపెట్టాడు. ఒక తెలుగు బడిపంతులు శాకాహారం తింటూ, బ్రహ్మచారిగా ఉంటూ, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకుంటున్నాడంటే జనానికి అది ఉత్త వినోదం కాదు. మనమేం తక్కువ అన్న ప్రశ్నకు కళ్లెదుట కనిపించే జవాబు. అందుకే స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న పెద్దలు ఆయన్ని అంతగా ఆదరించారు. పూనాలో లోకమాన్య తిలక్ ఆయన్ని మల్లమార్తాండుడని గౌరవించారని, పండిత మదనమోహన మాలవీయ విదేశాలకు వెళ్లడానికి దారి చూపారని చెబుతారు. లండన్‌లో జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నాడు. మనవాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం కలియుగ భీముడు.

ప్రదర్శనల్లో ఏం చేసేవాడు

ముఖ్యంగా మూడు అంశాలు ఉండేవి. ఒకటి, ఒంటికి ఇనుప గొలుసు చుట్టుకుని, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి బిగించి ఆ గొలుసును తెంచడం. రెండు, రెండు కార్లకు కట్టిన గొలుసులను రెండు చేతులతో పట్టుకుని, కార్లను ఎంత వేగంగా నడపబోయినా కదలనివ్వకపోవడం. మూడు, నేల మీద పడుకుని ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకోవడం. వైస్రాయి లార్డ్ మింటో ఈయన సంగతి విని తన కారునే పట్టి ఆపమన్నాడని, డ్రైవరు ఎంత ప్రయత్నించినా కారు ముందుకు పోలేదని ఒక కథ ఉంది. మింటో వైస్రాయిగా ఉన్నది 1905 నుంచి 1910 వరకు.

మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఊరికే చప్పట్లు కొట్టి వదిలేయకూడదు, కొంచెం లెక్క వేయాలి. లెక్క వేస్తే ఆయన గొప్పతనం తగ్గిపోతుందని భయపడక్కర్లేదు, ఇంకా పెరుగుతుంది.

ఏనుగు సంగతి చూద్దాం. ఇలాంటి ప్రదర్శనల్లో మనిషి మీద చెక్క పలక వేసి, దాని మీదుగా ఏనుగును నడిపిస్తారు. పలక చివరలు నేలకు ఆనితే బరువులో కొంత నేలకే పోతుంది. మిగతాది ఏనుగు పాదమంత చోట కాకుండా ఛాతీ అంతటా పరుచుకుంటుంది. మనకు అర్థం కావడానికి ఊహించుకుందాం: ఛాతీ మీద పడ్డది 600 కిలోలు, ఆనిన విస్తీర్ణం 0.15 చదరపు మీటర్లు. అప్పుడు పీడనం దాదాపు 39 కిలోపాస్కల్స్. కారు టైరులో మనం కొట్టించే గాలి దాదాపు 220 కిలోపాస్కల్స్. అంటే పీడనం పరంగా ఇది అసాధ్యమైనది కాదు. అయితే మామూలు మనిషి ఛాతీ అలా వదిలేసి పడుకుంటే పక్కటెముకలు నలిగిపోతాయి. గాలి లేని టైరు మీద లారీ నిలబెట్టినట్టే.

ఇక్కడే ఊపిరి పని మొదలవుతుంది. నిండుగా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట కండరాలు బిగిస్తే లోపల పీడనం పెరుగుతుంది. బాగా తర్ఫీదు పొందినవాళ్లు పెద్ద బరువులు లేపేటప్పుడు పొట్టలోపలి పీడనం 200 మిల్లీమీటర్ల పాదరసం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పోతుంది. కిలోపాస్కల్స్‌లోకి మారిస్తే అది దాదాపు 27. పైన వేసిన లెక్కతో పోల్చి చూడండి. బయటి నుంచి నొక్కేది 39, లోపలి నుంచి ఎదురు నిలిచేది 27. మిగిలిన తేడాను పక్కటెముకలు, వాటి మధ్య ఏళ్ల తరబడి గట్టిపడిన కండరాలు మోయాలి. ఇది ఊహ మీద వేసిన లెక్కే, కానీ ఆయన విద్య ఎక్కడుందో చూపిస్తుంది. ఊపిరి బిగపట్టడంలో ఆయన టైమింగ్ ఒక్క సెకను తప్పినా అంతే సంగతులు.

కార్ల అంశమూ అంతే. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగుతున్నప్పుడు ఒకదాని లాగుడును ఇంకోటి కొంత సరిచేస్తుంది. అప్పుడు మధ్యలో ఉన్న మనిషి చేయాల్సిన పని గొలుసులో ఒక లింకులా తెగకుండా నిలబడటం. మాటకు తేలికే. కానీ వేళ్ల పట్టు, భుజాల కీళ్లు, వీపు అన్నీ ఆ లాగుడును తట్టుకోవాలి. మధ్యలో వెన్ను వంగకుండా నిలబెట్టేది బిగించిన పొట్ట, బిగపట్టిన ఊపిరి. గొలుసు తెంపడం మాత్రం మన మెకానికల్ వాళ్లకు బాగా తెలిసిన లెక్క. బాయిలర్ గోడలో లోపలి పీడనం వల్ల వచ్చే హూప్ స్ట్రెస్ లాంటిదే ఇదీ. గాలితో గట్టిపడిన ఛాతీని పునాది చేసుకుని వీపు, భుజాల కండరాలు ఒక్కసారిగా విచ్చుకుంటే చుట్టూ ఉన్న గొలుసులో లాగుడు పెరిగి బలహీనమైన లింకు తెగుతుంది.

ఆయన విద్యకు ఇవాళ్టి పేరు

రామమూర్తి వాయుస్తంభన అన్నదాన్ని ఇవాళ వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లు వల్సాల్వా పద్ధతి అంటారు. ఆంటోనియో మారియా వల్సాల్వా 1666లో పుట్టి 1723లో పోయిన ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు. చెవుల మీద పరిశోధన చేస్తూ, ముక్కు నోరు మూసి ఊపిరి బయటికి నెట్టే పద్ధతిని వివరించాడు. ఆయన పేరు అలా నిలిచిపోయింది.

ఇది రెండువైపులా పదునున్న కత్తి. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐదుగురు అనుభవజ్ఞులైన బాడీబిల్డర్ల ధమనిలోనే సూది పెట్టి, బరువులు లేపేటప్పుడు రక్తపోటు కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేసేటప్పుడు సగటున 320/250 వచ్చింది. ఒకరికైతే 480/350 దాటింది. మామూలుగా మనకు ఉండేది 120/80. ఊపిరి బిగపట్టడం ఆ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం. పైగా ఊపిరి చాలాసేపు బిగిస్తే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, బరువు దించి ఊపిరి వదిలిన క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. బరువు లేపాక కొందరు కళ్లు బైర్లు కమ్మి కూలబడటానికి కారణం ఇదే. బార్ మెడ మీద ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే ఇవాళ శిక్షకులు చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. తేలిక నుంచి మధ్యరకం బరువులకు ఊపిరి ఆపక్కర్లేదు. బరువు దించేటప్పుడు పీల్చాలి, లేపే కష్టమైన భాగంలో మెల్లగా వదలాలి. దండీలు తీసేటప్పుడు కిందికి పోతూ పీల్చి, పైకి వస్తూ వదిలేది ఇదే లయ. బాగా బరువైన స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ అయితే ముందే పొట్టలోకి నిండుగా పీల్చాలి. ఛాతీ పైకి ఎగరడం కాదు, నడుము చుట్టూ నాలుగువైపులా ఉబ్బాలి. పొట్ట బిగించి, కష్టమైన చోటు దాటే ఒకటి రెండు సెకన్లే ఆపి, దాటాక వదలాలి. ప్రతి రెప్‌కీ కొత్త ఊపిరి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఊపిరి బిగపట్టే పని పెట్టుకోకూడదు. నడుముకు కట్టే బెల్టు ఊపిరికి బదులు కాదు. పొట్ట ఆనుకుని నెట్టడానికి అదొక గోడ, అంతే.

నమ్మకం కుదరకపోతే మన ఊరి పొగాకు వేలం కేంద్రానికి వెళ్లి హమాలీలను చూడండి. బేలు ఎత్తే ముందు ఒక నిండు ఊపిరి, భుజానికి ఎక్కాక ఒక హుంకారం. ఎవరూ పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. నడుము పోతే కూలి పోతుంది కాబట్టి ఒంటికి అలవాటైన విద్య. రామమూర్తి కూడా దాన్నే సాధనతో అందనంత ఎత్తుకు తీసుకెళ్లాడు.

చివరి రోజులు

ఎంత ఊపిరి బిగించినా కాలం ఆగదు కదా. ఆయన కాలి మీద రాచకురుపు లేచింది. అది ముదిరి, చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. పెన్సిలిన్ లాంటి మందులు ఇంకా చేతికి రాని రోజులు. ఆపరేషన్ సమయంలో ఆయన క్లోరోఫాం పుచ్చుకోలేదని, ప్రాణాయామంలో నిలిచి ఆ నొప్పి భరించాడని చెబుతారు. ఏనుగును మోసిన ప్రదర్శన కన్నా నన్ను ఎక్కువ కదిలించేది ఈ సంగతే. అక్కడ టిక్కెట్లు లేవు, చప్పట్లు లేవు, పతకాలు లేవు. చిన్నప్పుడు కొండ మీద నేర్చుకున్న ఊపిరి ఒక్కటే మిగిలింది. దాన్ని బలం చూపడానికి కాదు, బాధ ఓర్చుకోవడానికి వాడుకున్నాడు.

లక్షలు సంపాదించాడు, అంతా దానాలకూ దేశానికీ పోయింది అంటారు. చివరి కాలం ఒడిశాలో, బలంగీర్ వైపు పాట్నా సంస్థానం రాజుగారి ఆదరణలో గడిచింది. 1942 జనవరిలో కన్నుమూశాడు. దేశానికి స్వాతంత్ర్యం రావడం ఆయన చూడలేదు.

మనకు మిగిలింది

ఆయన పుట్టిన నేల ఖాళీగా లేదు. అదే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు లేపి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆవిడే. ఆ బార్ కింద కూర్చుని లేచే ప్రతి క్షణమూ ఊపిరి మీదే నిలబడి ఉంటుంది. సర్కస్ డేరాలో మొదలైనది ఒలింపిక్ వేదిక దాకా వెళ్లిందన్నమాట.

రామమూర్తి నాయుడి గురించి రాసేవాళ్లలో చాలామంది ఆయన్ని మంత్రశక్తి ఉన్నవాడిగా చేసి వదిలేస్తారు. అలా చేస్తే ఆయన కష్టం కనబడకుండా పోతుంది. మంత్రమైతే మనం దండం పెట్టి ఊరుకుంటాం. సాధన అయితే మనమూ మొదలుపెట్టవచ్చు. తల్లి లేని ఒక అల్లరి పిల్లాడు, చదువు అబ్బని వాడు, ప్రతివాడూ రోజంతా తీసుకునే ఊపిరినే శ్రద్ధగా గమనించి, దాన్ని ఒక విద్యగా మార్చుకున్నాడు. తరవాత దాన్ని బళ్లో పిల్లలకు నేర్పే మేష్టారయ్యాడు.

గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి మంగళవారం వెళ్లే మన కుర్రాళ్లకు ఒక మాట. మన వస్తాదులు గోదాలో దిగే ముందు తలుచుకునేది ఆంజనేయుణ్ణే, ఆయన వాయుపుత్రుడు. బలానికి తండ్రి గాలి అని మన పెద్దలు ఎప్పుడో కథలో పెట్టేశారు. ఈసారి బార్ పట్టుకునే ముందు పక్కవాడు ఎన్ని ప్లేట్లు వేశాడో చూడకండి. పొట్టలోకి ఒక నిండు ఊపిరి తీసుకోండి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో తెలిసినప్పుడే ఇంకో ప్లేటు వేయండి.